ప్లస్ టూకూ కళాశాలకూ నడుమ ఒక వేసవి

ఏటా ఏప్రిల్ 15వ తేదీ మొదలు జూన్ 14వ తేదీ వరకు, అంటే అరవైయొక్క రోజులపాటు, మన తూర్పు తీరంలో మరపడవలతో చేపలవేట నిషిద్ధం. చేపలు సంతానాన్ని వృద్ధిచేసుకొనే కాలమని ప్రభుత్వం ఏర్పరచిన కట్టుబాటు ఇది. యానాంలోనూ ఇదే, పుదుచ్చేరిలోనూ ఇదే. ఈ రోజులలో తేంగాయ్‌తిట్టు రేవు వైపు వెళ్ళినవారికి వరుసగా కట్టివేసిన పడవలు కనిపిస్తాయి. దూరంనుంచి చూసినప్పుడు అక్కడ పనేమీ జరుగుతున్నట్లు తోచదు. దగ్గరకు పోయి చూస్తే మాత్రం ఒకరు చిరిగిన వల బాగుచేస్తూ ఉంటారు, ఒకరు ఇంజను విప్పుకొని కూర్చుని ఉంటారు, మరొకరు పడవ అడుగున పట్టిన నాచు గీకి రంగు పూస్తూ ఉంటారు.

సరిగ్గా ఇవే రోజులలో మన క్వార్టర్సులోనూ ఒడ్డున నిలిచిపోయినవారు కొందరు ఉంటారు. వారు ప్లస్ టూ పరీక్షలు వ్రాసి, ఇంకా ఏ కళాశాలలోనూ చేరని పిల్లలు. మన వైపు ఇంటర్మీడియట్ అంటాము, ఇక్కడివారు ప్లస్ టూ అంటారు, వయసు మాత్రం ఒకటే. ఈ పిల్లల తల్లిదండ్రులైన సహోద్యోగులు పలువురు ఈ విషయమై మన శీర్షికలో వ్రాయవలసినదని కోరారు. సెలవులు వృథా కాకుండా పిల్లవాణ్ణి ఏ తరగతిలో చేర్పించమంటారన్నదే వారందరి ప్రశ్న. జవాబు చెప్పబోయే ముందు, ఆ ప్రశ్నను ఒకప్పుడు మేమూ అడిగినవారమేనని, దాని ఫలితం చవిచూసినవారమేనని ఒప్పుకోవలసి ఉన్నది.

ముందుగా ఈ వేసవి ఎంత పొడవైనదో చూద్దాం. మార్చి నెలాఖరుకో ఏప్రిల్ మొదటివారానికో పరీక్షలు ముగుస్తాయి. వైద్యవిద్య కోరేవారికి సాధారణంగా మే నెల మొదటి ఆదివారం నీట్ పరీక్ష ఉంటుంది. ఇంజనీరింగు కోరేవారికి జె.ఇ.ఇ., కేంద్రీయ విశ్వవిద్యాలయాలు కోరేవారికి సి.యు.ఇ.టి. ఉన్నాయి. మే నెలలో ప్లస్ టూ ఫలితాలు వెలువడతాయి. ఆ తరువాత సెంటాక్ వారి దరఖాస్తులు, జాబితాలు, సీట్ల కేటాయింపు. కళాశాలలు తెరిచేసరికి జులై, ఒక్కొక్క ఏడాది ఆగస్టు. మొత్తం మీద మూడున్నర నెలలు. ఈ మధ్యలోనే ఇక్కడివారు కత్తిరి అని పిలిచే ఎండలు, వాటి వెంటనే మన పంచాంగంలోని రోహిణికార్తె. మధ్యాహ్నం పన్నెండు దాటితే వీధిలో మనిషి కనిపించడు. ఇంటిలో పంకా కింద పిల్లవాడు, వాడి చేతిలో ఫోను, వాడిని చూసి గుండెలు బాదుకొనే తల్లిదండ్రులు. ఈ దృశ్యం ఎవరికీ కొత్త కాదు కనుక దానిని వర్ణించబోము.

మా పెద్దబ్బాయి విషయంలో ఈ దృశ్యం కంటపడకూడదని మేము పంతం పట్టాము. ఉదయం ఆరు గంటలకు ఈత, తొమ్మిదికి ఇంగ్లీషు సంభాషణ, పదకొండుకు కంప్యూటరు, సాయంత్రం ఇంజనీరింగు మొదటి సంవత్సరపు గణితం ముందుగానే చెప్పే ఒక ట్యూషను. వాడు ఒక్క గంట కూడా ఖాళీగా లేడని కార్యాలయంలో చెప్పుకొని సంతోషించాము. సెంటాక్ దరఖాస్తు మేమే నింపాము. ధ్రువపత్రాలకు సెలవు పెట్టి మేమే తిరిగాము. దూరపు పట్టణంలో ఒక ఇంజనీరింగు కళాశాలలో సీటు వచ్చింది. బ్యాంకు ఖాతా మేమే తెరిపించాము, ఏ.టి.ఎం. కార్డు రహస్యసంఖ్య చీటీ మీద వ్రాసి వాడి పర్సులో పెట్టినదీ మేమే. అలా పెట్టరాదని తెలియక కాదు, వాడు మరచిపోతాడేమోనన్న బెంగ. మా శ్రీమతి పెట్టె సర్ది, ఏ అరలో ఏమున్నదో కాగితం మీద వ్రాసి మూతకు లోపల అంటించింది.

ఆ నెల ఖర్చుకని ఇచ్చిన డబ్బు పదకొండు రోజులలో అయిపోయింది. చెప్పడానికి వాడికి మొహం చెల్లలేదు. తోటివారితో కలిసి బయటకు వెళ్ళడం మానుకొన్నాడు. తరువాత జ్వరం వచ్చింది. నాలుగు రోజులు గదిలోనే పడుకొన్నాడు గాని వార్డెనుకు చెప్పలేదు. డాక్టరు దగ్గరకు ఒంటరిగా వెళ్ళి నాకు ఇలా ఉన్నదని చెప్పుకొనే అవసరం వాడికి పద్దెనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా కలగలేదు. దసరాకు ఇంటికి వచ్చినవాడు, సెలవులు ముగిసిన రోజున రైలు ఎక్కనన్నాడు. బుజ్జగించాము, కోప్పడ్డాము, చుట్టాలచేత చెప్పించాము. వాడు ఎక్కలేదు. ఒక విద్యాసంవత్సరం పోయింది. పై ఏడు ఇక్కడే ఒక కళాశాలలో చేరి చదువు పూర్తిచేశాడు. ఇప్పుడు ఉద్యోగంలో ఉన్నాడు, బాగానే ఉన్నాడు. చాలాకాలం తరువాత ఒకనాడు భోజనాల దగ్గర, “లెక్కలు రాక కాదు నాన్నగారూ, బట్టలు ఏ రోజున ఉతుక్కోవాలో తెలియక వచ్చేశాను” అన్నాడు నవ్వుతూ. మాకు నవ్వు రాలేదు.

తెలివితేటలకూ దీనికీ సంబంధం లేదు. 1903లో, ఇక్కడికి దక్షిణాన ఉన్న కుంభకోణంలో, పదహారేళ్ళ శ్రీనివాస రామానుజన్ చేతికి కార్ అనే ఆంగ్లేయుడు కూర్చిన గణితసూత్రాల గ్రంథం వచ్చింది. ఎవరూ పాఠం చెప్పకుండానే ఆ గ్రంథంతో కుస్తీపట్టి ఆయన గణితవేత్త అయ్యాడని అందరూ చెప్పుకొంటారు. అది నిజమే. దాని తరువాతి కథను మాత్రం ఎక్కువమంది చెప్పరు. 1904లో ఉన్నత పాఠశాల ముగించి, ఉపకారవేతనంతో కుంభకోణం ప్రభుత్వ కళాశాలలో చేరిన రామానుజన్, గణితం తప్ప మరే పాఠమూ పట్టించుకోక ఆ వేతనం పోగొట్టుకొన్నాడు. 1905 ఆగస్టులో ఇల్లు వదలి విశాఖపట్నం దారి పట్టి, సుమారు నెలరోజులు మన రాజమహేంద్రవరంలో గడిపాడు. ఆయన అంతటివాడికే కళాశాల మొదటి సంవత్సరం అంత బరువైనది. స్వయంగా ఒక పుస్తకం పట్టుకొని కూర్చున్న సెలవుల విలువనూ ఈ కథ చెపుతుంది, పుస్తకం ఒక్కటే చాలదనీ చెపుతుంది. రెండింటిలో ఏది తీసుకోవాలో పాఠకుల ఇష్టం. మేము రెండూ తీసుకొన్నాము.

అమ్మాయి వంతు వచ్చేసరికి ఒక్క తరగతికీ రుసుము కట్టలేదు. మా శ్రీమతికి ఇది బొత్తిగా నచ్చలేదు. ఎదురింటివారి అమ్మాయి మూడు తరగతులకు వెళ్తుంటే మన పిల్ల ఇంటిలో కూర్చోవడమేమిటని చాలా రోజులు మాతో సరిగా మాట్లాడలేదు. ఇంటిలో కూర్చోవడం కాదు, మేము అమ్మాయికి రెండు పనులు అప్పగించాము. ధ్రువపత్రాలన్నీ తానే తెచ్చుకోవాలి. ఏప్రిల్, మే నెలలకు ఇంటికి కావలసిన కూరగాయలు, పాలు, చేపలు, చిల్లర సరుకుల డబ్బు తన చేతిలో ఉంటుంది, లెక్క తానే వ్రాయాలి. మిగిలిన సమయం ఆమెది, అందులో మేము తలదూర్చబోము.

ధ్రువపత్రాల సంగతి ఈ ప్రాంతంలో పిల్లలున్న ప్రతి ఇంటికీ తెలిసినదే. సెంటాక్ ప్రవేశాలలో పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాం ప్రాంతాలకు వేరు వేరు కోటాలు ఉన్నాయి. కనుక నివాస ధ్రువపత్రం లేనిదే ఏ పనీ కాదు. కులం, ఆదాయం పత్రాలు అవసరమైనవారికి అవీ కావాలి. మనవంటి బదిలీ ఉద్యోగుల పిల్లలకు, ఏ ఊరిలో ఎన్నేళ్ళు ఉన్నామో ఋజువు చూపే చిక్కు అదనం. అమ్మాయి మొదటిరోజు తాలూకా కార్యాలయానికి వెళ్ళి, రేషను కార్డు నకలు ఇంటిలో మరచిపోయి తిరిగి వచ్చింది. రెండవరోజు అన్నీ తీసుకువెళ్ళింది గాని దరఖాస్తులో తండ్రి పేరు ఒక విధంగా, పాఠశాల పత్రంలో మరొక విధంగా ఉన్నట్లు అక్కడ బయటపడింది. పదవ తరగతినుంచి అలాగే ఉన్న ఆ తప్పు మాకెవరికీ కనబడలేదు. ఫోను చేసి తెలిసినవారిచేత ఒక మాట చెప్పించాలని మా నాలుక దురద పెట్టింది. “మీరు రావద్దు నాన్నగారూ, ఏ కాగితం కావాలో అడిగి తెలుసుకొన్నాను” అన్నది అమ్మాయి. ఐదవ రోజున పని పూర్తయింది. ఇప్పుడు ఆ వీధిలో ఎవరి పిల్లలకు ఏ పత్రం కావాలన్నా మా అమ్మాయికే ఫోను చేస్తారు.

ఇంటి డబ్బు సంగతి ఇంత సాఫీగా జరగలేదు. అమ్మాయి తొలి నెల గుబేర్ మార్కెట్టుకు వెళ్ళి ధరలు అడిగి, ఒక పట్టిక వేసుకొని, దాని ప్రకారం వారానికి ఇంత అని విభజించుకొన్నది. ఏప్రిల్ మధ్యవరకు పట్టిక చక్కగా నడిచింది. అప్పుడు వేట నిషేధం వచ్చింది. నాటుపడవలవారు తెచ్చే కొద్దిపాటి చేపలకు, వేరే తీరాలనుంచి మంచులో వచ్చే సరుకుకు ధర పెరిగింది. ఇంటిలో చేప లేనిదే ముద్ద దిగనివారు ఇద్దరు ఉన్నారు, అందులో ఒకరు ఈ శీర్షిక వ్రాసేవారు. మే నెల పదవ తేదీకి అమ్మాయి చేతిలో పైసా లేదు.

అన్నకు హాస్టలులో పదకొండవ రోజున జరిగినదే చెల్లెలికి ఇంటిలో పదవ రోజున జరిగింది. భేదం ఒక్కటే. ఇక్కడ జ్వరం వస్తే చూసేవారున్నారు, ఆకలేస్తే వండిన అన్నమున్నది. డబ్బు అయిపోయిందని చెప్పడానికి రెండు రోజులు తటపటాయించి, మూడవరోజు వచ్చి చెప్పింది. మేము కోప్పడలేదు. అప్పుగా కొంత ఇచ్చి, అది తన లెక్కలో వ్రాసుకోమన్నాము. తరువాతి మూడు వారాలు మేము గుడ్లు, ఎండుచేపలు, పప్పుచారుతో సరిపెట్టుకొన్నాము. డబ్బు అయిపోయిన సంగతి పెద్దలకు చెప్పడం ఎలాగో ఆ పిల్ల ఆనాడు నేర్చుకొన్నది. మా పెద్దవాడికి మేము నేర్పించవలసినది అదే అయి ఉండెను.

మార్కెట్టుకు వెళ్ళిరావడంలో మేము ఊహించని ప్రయోజనం మరొకటి కలిగింది. ఇన్నేళ్ళుగా ఇక్కడ ఉంటున్నా మా ఇంటిలో తమిళం మాట్లాడడమే గాని చదవడం ఎవరికీ రాదు. బస్సు బోర్డులు, దుకాణాల పలకలు చూసి అమ్మాయి తానే ఆ అక్షరాలు పట్టుకొన్నది. క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకే అక్షరమని మొదట చికాకు పడింది. ఆ తరువాత పాలకు ‘పాల్’ అనీ, మీనానికి ‘మీన్’ అనీ, అంగడికి ‘అంగాడి’ అనీ చదివి, ఇది మన భాషకు అక్కచెల్లెలి వరస అని కనిపెట్టి, ఎంతో సంబరపడింది. నెలరోజులలో దినపత్రిక శీర్షికలు చదివే స్థితికి వచ్చింది. మన సంస్థలో పనిచేసే తెలుగువారి పిల్లలలో చాలామంది ఇక్కడి కళాశాలలలోనే చేరబోతున్నారు. వారికి ఇంతకన్న ఉపయోగపడే వేసవి చదువు మరొకటి మాకు తోచదు. పైగా దీనికి రుసుము లేదు.

మిగిలిన సమయాన్ని అమ్మాయి రోమాఁ రోలాఁ గ్రంథాలయంలో గడిపింది. ఫ్రెంచివారు 1827లో స్థాపించిన గ్రంథాలయం అది. అక్కడ ఒకనాడు ఆనంద రంగపిళ్ళై దినచర్య ఇంగ్లీషు అనువాదం ఆమె కంటపడింది. 1904 మొదలు 1928 వరకు పన్నెండు సంపుటాలుగా మద్రాసులో అచ్చయిన గ్రంథం. రంగపిళ్ళై 1709లో పుట్టి, చిన్నతనంలోనే తండ్రితో పుదుచ్చేరి చేరి, 1747లో డూప్లే దొరకు ప్రధాన దుబాసీ అయినవాడు. దుబాసీ అంటే ద్విభాషి, రెండు భాషల నడుమ నిలిచి పని నడిపేవాడు. ఇరవైయేడేళ్ళ వయసున, 1736లో దినచర్య ఆరంభించి 1761లో చనిపోయేవరకు తమిళంలో వ్రాస్తూ వచ్చాడు. ఓడల రాకపోకలు, సరుకుల ధరలు, దొరల కోపతాపాలు, ఊరి పుకార్లు, తన కలలు, ఏదీ వదలలేదు. కస్తూరి రంగకవి తన తెలుగు ఛందోగ్రంథాన్ని ఈయనకే అంకితమిచ్చి, దానికి ఆనందరంగరాట్ఛందమని పేరుపెట్టాడు. తమిళం మాట్లాడే ఈ పట్నంలో తెలుగు ఛందస్సుకు అంతటి ఆదరణ దొరికిందని మా అమ్మాయి చెప్పేవరకు మాకూ తెలియదు. రంగపిళ్ళై వీధిలో ఆయన భవనం నేటికీ ఉన్నది, మార్కెట్టుకు పోయే దారిలోనే.

ఆ పుస్తకం ప్రభావమేనేమో, అమ్మాయి ఖర్చుల పుస్తకంలో మే నెల మధ్యనుంచి అంకెల పక్కన మాటలు చేరసాగాయి. వంకాయల ధర పక్కన కూరగాయల అవ్వ కోడలి కాన్పు సంగతి, పాల లెక్క పక్కన పాలవాడు రాని రోజు కారణం, చేపల ఖాళీ గడిలో “నాన్నగారు అలిగారు” అన్న ముక్క.

పాఠకులు అడిగిన తరగతుల సంగతి ఇప్పుడు చెప్పవచ్చు. ఫ్రెంచి నేర్వాలని మనసున్న పిల్లలకు, 1889లో ఈ ఊరిలో ఏర్పడిన అలియాన్స్ ఫ్రాన్సేజ్ ఉండనే ఉన్నది. అది కోరిక ఉన్నవారికే. మార్కులకోసమో, ఎదురింటివారు చేర్చారనో చేర్చడం దండగ. ఇంగ్లీషు సంభాషణ తరగతులపై మాకు పెద్ద గౌరవం లేదు, ఇది మా సొంత అభిప్రాయం. ఈత తప్పక నేర్చుకోవలసినదే, అయితే కొలనులో, నేర్పేవారి సమక్షంలో. మన తీరంలో అలల లాగు ఎక్కువ, స్నేహితులతో కలిసి సముద్రంలో దిగడాన్ని పెద్దలు ఖచ్చితంగా వారించాలి.

ఇక మోటారు బండి. ప్లస్ టూ అయినదే తడవుగా స్కూటరు కొనివ్వడం మన క్వార్టర్సులో ఆచారమైపోయింది. గేర్లున్న బండి లైసెన్సుకు పద్దెనిమిదేళ్ళు నిండాలి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనరు నడిపి నేరం జరిగితే, బండి యజమానికి లేదా సంరక్షకుడికి ఇరవైఐదు వేల రూపాయల జరిమానా, మూడేళ్ళ వరకు జైలుశిక్ష, బండి రిజిస్ట్రేషను పన్నెండు నెలలపాటు రద్దు. ఈ ఊరు బల్లపరుపుగా ఉన్నది, వీధులు గీత గీసినట్లున్నాయి, సైకిలు చాలు. పదిహేడేళ్ళు నిండినవారు ఓటరు జాబితాకు ముందుగానే దరఖాస్తు చేసుకొనే వీలును ఎన్నికల సంఘం 2022లో కల్పించింది, అదీ పిల్లలచేతనే చేయించవచ్చు. బ్యాంకుకు వారినే పంపండి. పిల్లవాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి తండ్రి ఫారం నింపడం మానాలి.

వంట విషయంలో ఒక్క మాట. ఆడపిల్ల అయితే ఈ వేసవిలో వంటింటిలోనే కట్టివేయడం, మగపిల్లవాడయితే మంచినీళ్ళు కూడా చేతికి అందించడం మనలో ఇంకా పోలేదు. హాస్టలులో ఆకలి ఇద్దరికీ ఒకటే. అన్నం వార్చుకొని చారు కాచుకోవడం అబ్బాయిలకు పది రోజుల పని, అమ్మాయిలకూ అంతే.

ఫలితాలు అనుకొన్నట్లు రాని ఇళ్ళు కూడా ప్రతి ఏడాదీ మన మధ్య ఉంటాయి. నీట్ ర్యాంకు చాలక మరొక ఏడాది కూర్చోదలచిన పిల్లలు ఉంటారు, ప్లస్ టూలోనే ఒక పాఠం తప్పినవారూ ఉంటారు. తప్పినవారికి ఆ వేసవిలోనే మరల వ్రాసే పరీక్ష ఉన్నది, ఏడాది పోదు. ఆ ఇళ్ళకు వెళ్ళినప్పుడు మార్కులెన్ని అని అడగడం మానుకొంటే చాలు, అదే పెద్ద సాయం. మా పెద్దవాడు రైలు ఎక్కనన్న ఆ సంవత్సరం, కార్యాలయంలో ఒక పెద్దాయన రోజూ సాయంత్రం మా ఇంటికి వచ్చి, కాలేజీ ఊసెత్తకుండా వాడితో చదరంగం ఆడి వెళ్ళేవారు. ఆయన పదవీవిరమణ చేసి ఊరు వెళ్ళిపోయారు. వాడు మరల చదువు మొదలుపెట్టడానికి మేము చేసినదానికన్న ఆయన చేసినదే ఎక్కువ అని మా నమ్మకం.

అమ్మాయికి చెన్నైలో సీటు వచ్చింది. పెట్టె తానే సర్దుకొన్నది, మూతకు కాగితం అంటించలేదు. బయలుదేరే ముందు ఖర్చుల పుస్తకం తెచ్చి మా బల్లమీద పెట్టింది. ఆఖరి పుటలో ఇలా ఉన్నది: నాన్నగారి వద్ద తీసుకొన్న అప్పు 640 రూపాయలు, తీర్చినది 400, మిగిలినది హాస్టలు ఖర్చులో మిగిల్చి పంపబడును. ఇది జరిగి రెండేళ్ళయింది. ఆ 240 రూపాయలు ఇంకా రాలేదు.